పిడి తప్పా, చెయ్యి తప్పా

ఆ ఇంట్లో గొడవ చూడబోతే చిన్నదే. అత్తగారి పడవ మోటారుకు వేగం పెంచే పిడి ఒకటుంటుంది. మోటారు సైకిలు మీద తిప్పినట్టే దాన్ని మెలితిప్పాలి. ఆ పిడి బిగుసుకుపోయింది, తిరగడం లేదని అత్తగారు. పిడి దివ్యంగా ఉంది, తిరగనిది అమ్మ మణికట్టు అని కూతురు. ఈ ఇద్దరి మధ్యా అల్లుడు.

అల్లుడికి కళ్ళజోళ్ళ షాపు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకు పేరు. అది నిజం కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళు పూర్తిచేసేదాకా ఆగుతాడంతే. ఆ ఇంట్లో ఎవరూ పూర్తిచేసేవాళ్ళు కారు.

ఏరు సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన రేవు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని చేరవేసే పడవ మావగారిది. ఆయన పోయాక, ఎవరినైనా పెట్టుకోమని నలుగురూ చెప్పారు. అత్తగారు అందరి మాటా శ్రద్ధగా విని, మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెళ్ళి మోటారు తాడు లాగింది. అప్పట్నుంచీ ఆ పడవ ఆవిడదే. ఎక్కేవాళ్ళకు ఆవిడ దగ్గర ఒక్కటే ఇబ్బంది, పలకరిస్తే పలకదు. నీటివైపు చూస్తూ కూర్చుంటుంది. మావగారి రోజుల్లో అవతలి ఒడ్డు చేరేలోగా ఊళ్ళో సంగతులన్నీ తెలిసిపోయేవి.

కూతురిది మందుల షాపులో పని. ఎవరు ఎలా నడుస్తున్నారో, ఏ చేత్తో ఏది పట్టుకుంటున్నారో చూడడం ఆవిడకు అలవాటైపోయింది. అమ్మ కుడిచేత్తో కాకుండా రెండు చేతులతో చెంబు ఎత్తడం చూసింది. తలుపు గొళ్ళెం మోచేత్తో తొయ్యడం చూసింది. ఏమీ అనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు బొటనవేలి మొదట్లో నొక్కాడు. అత్తగారి మొహంలో ఏమీ కదలలేదు గాని, రెండో చెయ్యి వెళ్ళి బల్ల అంచు పట్టుకుంది. నరం వాచిందని, పట్టీ వేసుకోవాలని, కుడిచేతికి పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలని ఆయన చెప్పాడు. ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు.

"కూర్చుని చేసే పనే," అంది అత్తగారు.

ఇంటికొచ్చాక కూతురు, ఇక పడవ మానెయ్యమంది. తన చేతికి ఏమీ లేదని, పిడి బిగుసుకోవడం వల్ల చెయ్యి నొప్పెడుతోందే గాని చెయ్యి నొప్పివల్ల పిడి బిగుసుకోలేదని అత్తగారంది. కావలిస్తే మెకానిక్‌ని పిలిపించి చూపించమంది.

మెకానిక్‌ని పిలిపించారు. రేవులో ఆయన్ని అందరూ బిగింపు అంటారు. ఆయన బిగించింది విప్పడానికి మళ్ళీ ఆయన్నే పిలవాలి, అందుకని ఆ పేరు. బిగింపు వచ్చి పిడిని ఒంటిచేత్తో ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి, వెన్నపూసలా తిరుగుతోందక్కా అని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఇంటి గేటు వేశాడు. అది తియ్యడానికి అల్లుడు భుజం పెట్టాల్సొచ్చింది.

దాంతో గొడవ ఎక్కడిదక్కడే ఉంది. మెకానిక్ చెప్పాడు కదా అని కూతురు. వాడి చేతికి తుప్పుపట్టిన బావి గిలకైనా వెన్నపూసే అని తల్లి. రెండు రోజులు ఇద్దరూ మొహాలు గంటు పెట్టుకుని తిరిగారు. అన్నం దగ్గర ఒకరితో ఒకరు అనాల్సిన మాటలన్నీ అల్లుడితో అనేవాళ్ళు. ఆయన ఇటు తిరిగి తలూపి, అటు తిరిగి తలూపి, కూర చల్లారిపోయాక తినేవాడు.

చివరికి భార్య ఒక ఏర్పాటు చేసింది.

"ఏవండీ, రేపు మీకు సెలవు రోజు కదా. పడవెక్కి ఒకసారి చూసి రండి. ఆవిడ ఎలా నడుపుతోందో మీ కళ్ళతో మీరు చూసి చెప్పండి. మీరేదంటే అదే."

ఆ ఇంట్లో ఆయన మాట మీద ఏదైనా ఆధారపడడం అదే మొదలు. కాదనలేకపోయాడు. ఇబ్బందల్లా ఒకటే. ఆయనకు నీళ్ళంటే చచ్చేంత భయం. ఆయన పుట్టి పెరిగిన చోట నీళ్ళు బిందెల్లో తప్ప మరోచోట ఉండేవి కావు. షాపు అవతలి ఒడ్డున ఉన్నా, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఎగువన ఉన్న వంతెన చుట్టూ తిరిగి బస్సులోనే వెళ్ళొస్తున్నాడు. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, వానలో తడిసి ఆలస్యంగా వచ్చినప్పుడు, అత్తగారు తువ్వాలు చేతికిస్తూ, "వంతెన బావుందా అల్లుడుగారూ," అని అడిగింది.

మర్నాడు పడవలో ఆయనతోపాటు మరో ఇద్దరే ఎక్కారు. ఒకరు కూరగాయలమ్మే ఆవిడ, ఖాళీ బుట్టలతో. ఇంకొకరు కటింగ్ షాపాయన. షాపుకు కొత్త అద్దం కొని తీసుకెళ్తున్నాడు. నిలువెత్తు అద్దం. బస్సువాళ్ళు ఎక్కించుకోలేదట. దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. ఎదుటి బల్ల మీద కూర్చున్న అల్లుడికి అవతలి ఒడ్డుకు బదులు తన మొహమే కనిపించింది. అది ఆయన అనుకున్నదాని కంటే తెల్లగా ఉంది.

అత్తగారు మోటారు తాడు లాగింది. అది ఎడమచేత్తో లాగింది. పిడి మాత్రం కుడిచేత్తో పట్టుకుని, పైన ఎడమచెయ్యి వేసి, రెండు చేతులా తిప్పింది. తిప్పుతుంటే ఆవిడ భుజాలు కూడా తిరిగాయి. భార్యకు చెప్పడానికి ఇది చాలని అల్లుడు అనుకున్నాడు. దిగిపోవచ్చా అని వెనక్కి చూస్తే రేవు అప్పటికే దూరమైంది.

ఏటి మధ్యకు వచ్చాక సముద్రం పోటు తగిలింది. అత్తగారు వేగం పెంచడానికి మళ్ళీ రెండు చేతులా పిడి తిప్పింది. అది కిర్రుమని చివరిదాకా వెళ్ళింది. పడవ ముక్కెత్తి పరుగందుకుంది. అవతలి రేవు దగ్గరికొస్తుంటే ఆవిడ పిడిని వెనక్కి తిప్పబోయింది. రాలేదు. మరోసారి తిప్పబోయింది. రాలేదు. రేవు మెట్ల మీద బట్టలుతుకుతున్న వాళ్ళు చేతిలో పని ఆపి చూస్తున్నారు. ఆవిడ ఏమీ కంగారు పడకుండా, పిడి ఉన్న హ్యాండిల్‌ని ఒక పక్కకు నెట్టింది. పడవ ఒరిగి, అర్ధచంద్రంలా తిరిగి, మళ్ళీ ఏటి మధ్యకు వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకో చుట్టు.

మోటారు ఆపడానికి ఎర్ర బొత్తం ఒకటుంది. అది పనిచెయ్యదు. దాని తీగ ఎప్పుడో ఊడింది, తర్వాత చూద్దామని బిగింపు దాన్ని పక్కకు మడిచి పెట్టాడు.

"అల్లుడుగారూ, మీకు వీలైతే కొంచెం ఇటు రండి," అంది అత్తగారు.

వీలు కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. అందులోకి నీళ్ళు చిమ్మాయి. ఆయన రెండు చేతులూ బల్లను పట్టుకుని ఉన్నాయి. వాటిని వదిలిస్తే వదలలేదు. చివరికి బల్ల మీద నుంచి కిందికి జారి, మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాడు. కూరగాయలావిడ దారిలోంచి బుట్టలు పక్కకు తీసింది.

అత్తగారు తన చెయ్యి తీసి ఆయన్ని పిడి పట్టుకోమంది. పట్టుకున్నాడు. తిప్పాడు. గోడకు కొట్టిన మేకును తిప్పినట్టుంది. ఆవిడ తన రెండు చేతులూ ఆయన చేతుల మీద వేసింది. నాలుగు చేతులతో తిప్పితే కాస్త కదిలినట్టే కదిలి అక్కడే ఆగిపోయింది.

"చూశారుగా," అంది.

"చూశానండీ."

"అమ్మాయికి ఈ మాటే చెప్పండి."

"చెప్తానండీ. ముందు ఇది ఆగాలి కదండీ."

అది కూడా నిజమేనన్నట్టు ఆవిడ తలూపింది. ఆయన కాళ్ళ దగ్గర ట్యాంకు ఉందని, దాని మూతి దగ్గర చిన్న ట్యాపు ఉందని, దాన్ని అడ్డంగా తిప్పమని చెప్పింది. ఆయన తిప్పాడు. మోటారు ఆగలేదు. గొట్టంలో మిగిలింది అయిపోయేదాకా తిరుగుతుందని ఆవిడ వివరించింది. తిరిగింది. అద్దంలో ఆకాశం, రేవు, ఆకాశం, వంతెన ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. ఒడ్డున జనం పోగయ్యారు. పడవతో ఏదో విన్యాసం చేస్తున్నారనుకుని పిల్లలు చేతులూపారు. కటింగ్ షాపాయనకు వాళ్ళు తెలుసు గాని, చేతులు ఖాళీ లేక తలూపి ఊరుకున్నాడు.

మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే కూరగాయలావిడ అప్పుడు భయపడింది.

అత్తగారు తెడ్డు తీసి అల్లుడి చేతికిచ్చింది. ఆయన మొదట పడవను సముద్రం వైపు నడిపించాడు. అటు కాదని ఆవిడ చెప్పాక ఇటు తిప్పాడు. రేవులో దిగేటప్పుడు కటింగ్ షాపాయన అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా గీత పడలేదు. తన షాపుకు ఎప్పుడైనా రమ్మని అల్లుణ్ణి మాత్రమే పిలిచి వెళ్ళిపోయాడు.

ఈ ఒడ్డుకూ తెడ్డు మీదే వచ్చారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో తీర్పు. తప్పు పిడిదేనని అల్లుడు చెప్పాడు. తన చేతికి కూడా రాలేదన్నాడు. భార్య ఆయన చేతులవైపు చూసింది. కళ్ళజోడు స్క్రూలు తిప్పే చేతులకు అది రాకపోవడంలో వింతేముందని అడిగింది. అందులో న్యాయం ఉంది.

అయితే ఆయన షాపుకు వచ్చేవాళ్ళలో సగం మందిది ఇదే గొడవ. కనపడటం లేదంటారు. అది కంటి లోపమా, అద్దం లోపమా అన్నది మాటలతో తేలదు. ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని చూడాలి. మోటారును ఇంటికి తీసుకొద్దామని ఆయన అన్నాడు. ఇల్లంతా ఆయనవైపు చూసింది. అన్నాక ఆయనే కాస్త ఉలిక్కిపడ్డాడు.

తోపుడు బండి మీద మోటారును తెచ్చి, వసారాలో పాత బెంచీ వీపుకు బిగించారు. అత్తగారు గడప మీద కూర్చుంది. కూతురు తలుపుకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

అల్లుడు మోటారు మీది మూత విప్పాడు. పిడి దగ్గర్నుంచి ఒక కేబుల్ పాములా వెళ్ళి కార్బురేటర్ పక్కనున్న చిన్న మీటకు తగులుకుని ఉంది. ముందు ఆ చివర ఊడదీశాడు. మీటను వేలితో కదిపితే టక్కున వెళ్ళి టక్కున వచ్చింది. అక్కడ తప్పు లేదు. కేబుల్ కొస పట్టుకుని లాగితే గొట్టంలో ఆడినంత మేరా హాయిగా ఆడింది. అక్కడా లేదు. అప్పుడు భార్యను పిలిచి, పిడి మీద చెయ్యి వేసి తిప్పమన్నాడు. ఇప్పుడు దానికి అవతల ఏ బరువూ లేదు, ఉత్త పిడి. ఆవిడ తిప్పింది. పళ్ళు బిగబట్టి తిప్పింది. చెయ్యి తీసి, అరచేతిలో పడిన గీతలు చూసుకుని, వెళ్ళి మళ్ళీ తలుపుకు ఆనుకుంది.

పిడిని పట్టి ఉంచే స్క్రూ తుప్పుపట్టి ఉంది. దానిమీద కిరసనాయిలు చుక్కలు వేసి, అది నానేలోగా టీ తాగారు. తర్వాత రబ్బరు తొడుగు కిందికి సబ్బునీళ్ళు పోసి, మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగాడు. తొడుగు వచ్చింది. దాని వెనకే లోపలి గొట్టం, చాలాసేపు బతిమాలించుకుని, బయటికొచ్చింది.

లోపలున్న గ్రీజు గట్టిపడి లక్కలా ఉంది. హ్యాండిల్ లోహం మీద ఉప్పుగాలికి తెల్లటి పొడి పేరుకుంది. వీటన్నిటి మధ్యా, హ్యాండిల్ ఇరుసు చుట్టూ గట్టిగా చుట్టిన నల్లటి పట్టీ ఒకటుంది. మోటారుతో పుట్టింది కాదది. సైకిలు ట్యూబు ముక్క. గ్రీజు తాగి తాగి ఉబ్బిపోయి, జిగురుగా మారి, ఇన్నాళ్ళూ పిడినీ ఇరుసునూ కరిచిపట్టుకుని కూర్చుంది.

"ఇదెవరు పెట్టారు?" అన్నాడు అల్లుడు.

అత్తగారు గడప మీద నుంచి లేచి వచ్చింది. వంగి చూసింది.

"మీ మావగారు."

అప్పట్లో ఈ పిడి పట్టుకుంటేనే ఉండేదట, వదిలితే వెనక్కి తిరిగిపోయేదట. అలా తిరిగిపోకుండా పట్టి ఉంచడానికే హ్యాండిల్ కింద ఒక స్క్రూ ఉంది గాని, దాని మర అరిగిపోయింది. ఆయనకేమో రెండు చేతులూ ఊపందే మాట రాదు. ఎక్కినవాళ్ళకు ఏదో ఒకటి చెబుతూ చెయ్యి వదిలేవాడు, పడవ ఏటి మధ్య నిలబడిపోయేది. కథ అయ్యేదాకా జనం అలాగే కూర్చునేవాళ్ళు. ఇలాగైతే ఎవరూ ఎక్కరని తనే పోరింది. ఒకరోజు సైకిలు ట్యూబు కోసుకుని తీసుకెళ్ళాడు.

"ఆయన ఏది కట్టినా అంతే. మళ్ళీ ఊడదు," అంది అత్తగారు.

కూతురు తలుపు దగ్గర్నుంచి వచ్చి పక్కన కూర్చుంది. ఆ ముక్కను వేలితో తాకి, ఆ వేలిని చాలాసేపు బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది.

అల్లుడు చిన్న కత్తితో పట్టీని కొస దగ్గర లేపి, చిరక్కుండా విప్పాడు. విప్పాక ఏం చెయ్యాలో తెలియక అరచేతిలో పట్టుకున్నాడు. అత్తగారు దాన్ని తీసుకుని, నూతి దగ్గరికి వెళ్ళి, బట్టల సబ్బుతో ఉతికి, దండెం మీద జాకెట్ల పక్కన ఆరేసింది. సాయంత్రం బట్టలతోపాటు దాన్నీ తీసి మడతపెట్టింది. ఎక్కడ దాచిందో ఎవరూ అడగలేదు.

మిగతాదంతా ఓపిక పని. అది ఆయనకు బోలెడంత ఉంది. తెల్లపొడిని గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పలచగా పూశాడు. అరిగిన స్క్రూ బదులు కొత్తది వేశాడు. ఎర్ర బొత్తం తీగ కూడా కలిపాడు. అన్నీ బిగించి పిడిని రెండు వేళ్ళతో తిప్పితే, అది చివరిదాకా వెళ్ళి, చివరినుంచి వచ్చింది. ఆయన ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. అవసరం లేకపోయినా.

మర్నాడు అత్తగారు పొద్దున్నుంచి పడవ నడిపింది. అల్లుడు బస్సులో వెళ్ళి బస్సులో వచ్చాడు. సాయంత్రం మేడమెట్ల దగ్గర ఆవిడ ఆయన కోసం నిలబడి ఉంది. లోపల కూతురు వంటింట్లో ఉందా అని ఒకసారి చూసుకుంది.

"పిడి బాగా తిరుగుతోంది అల్లుడుగారూ," అంది. మరోసారి లోపలికి చూసింది. "చెయ్యే తిరగటం లేదు."

ఆయన చెప్పులు విప్పబోతున్నవాడల్లా ఆగిపోయాడు. ఆవిడ కుడిచెయ్యి కొంగులో ఉంది. ఇన్నాళ్ళూ పిడిని తిట్టుకుంటుంటే చేతి సంగతి తెలియలేదని, ఇప్పుడు తిట్టడానికి ఏమీ లేకుండా పోయిందని, మామూలు గొంతుతోనే చెప్పింది. అమ్మాయికి తెలిస్తే మానిపించేస్తుందంది. మానేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియదంది. ఈ ఆఖరి మాట మెట్లతో అంది.

ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఆవిడ చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఎడంచెయ్యో?" అన్నాడు.

బట్టలు పిండేటప్పుడు రెండో కొస పట్టుకోవడం తప్ప తన ఎడమచెయ్యి జన్మలో మరో పని చెయ్యలేదని ఆవిడ చెప్పింది. మోటారు తాడు లాగుతోంది కదా అన్నాడాయన. ఆవిడ ఎడమచేతిని ముందుకు చాపి, కొత్తగా ఎవరో పరిచయం చేసినట్టు చూసుకుంది. పిడి బిగుసుకుని ఉన్నన్నాళ్ళూ ఆ చేత్తో అయ్యే పని కాదని, ఇప్పుడు రెండు వేళ్ళకే తిరుగుతోంది కాబట్టి అవుతుందని ఆయన అన్నాడు. అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆయన అడ్డులేకుండా పూర్తిచెయ్యడం ఆవిడకూ కొత్తగానే తోచినట్టుంది.

సాధన మధ్యాహ్నాలు, మనుషులు లేనప్పుడు. తోడుగా ఆయనే వెళ్ళాల్సొచ్చింది, ఈ సంగతి మూడో మనిషికి తెలియదు మరి. షాపు మధ్యాహ్నం కాసేపు మూసి, ఒడ్డున వచ్చి నిలబడేవాడు. ఆవిడ హ్యాండిల్‌కు రెండోవైపు బల్ల మీదికి మారి కూర్చుంది. కుడిచెయ్యి పట్టీ వేసుకుని ఒళ్ళో పడుకుంది. అటు కూర్చుంటే అన్నీ తారుమారు. తగ్గించాలనుకుంటే పెరిగేది. కుడికి పోవాలంటే ఎడమకు పోయేది. మొదటిరోజు రేవును గుద్దింది. రెండోరోజు అదే రేవును కాస్త మర్యాదగా గుద్దింది. బిగింపు ఒడ్డున నిలబడి చూసి, మోటారులో ఏదైనా తేడా ఉంటే తను చూస్తానన్నాడు. అక్కర్లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ప్రతి గుద్దుకూ అల్లుడు కళ్ళు మూసుకునేవాడు. తెరిచాక ప్రతిసారీ పడవ నీటి మీదే ఉండేది. కొన్నాళ్ళకు కళ్ళు మూయడం మరిచిపోయాడు.

రేవును తాకకుండా ఆగడం వచ్చాక, మనుషులున్నప్పుడు కూడా ఆవిడ ఎడమచేత్తోనే నడిపింది. సంగతి అలా బయటపడింది. మందుల షాపుకు తలనొప్పి మాత్రల కోసం వెళ్ళిన కటింగ్ షాపాయన, మీ అమ్మగారు ఎడంచేత్తో భలే నడుపుతోందమ్మా అని మెచ్చుకున్నాడు.

కూతురు షాపు ఇంకొకరికి అప్పజెప్పి, ఒంటికాలి మీద లేచి రేవుకు వచ్చింది. మెట్లు దిగుతూనే అనాల్సినవన్నీ కూడగట్టుకుంది. పడవ అప్పుడే ఒడ్డుకు వస్తోంది. ముందు బల్ల మీద, నీటికి ఎదురుగా, తన భర్త కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వెనక అమ్మ. కుడిచేతికి పట్టీ ఉంది, డాక్టరు చెప్పినచోట, చెప్పినంత బిగువుగా. ఆ చెయ్యి ఏ పనీ చెయ్యడం లేదు. పడవ వేగం తగ్గి, ఒడ్డును రాసుకుంటూ వచ్చి నిలిచింది. ఎక్కడని తప్పు పడుతుంది. కాసేపు వెతికింది.

"ఎక్కితే ఎక్కవే, జనం వస్తున్నారు," అంది తల్లి.

ఆవిడ ఎక్కింది. తల్లి, ఒడ్డుకు కట్టిన తాడు విప్పుకునేదాకా కొంచెం ఇది పట్టుకోమని హ్యాండిల్ కూతురికిచ్చింది. చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని పట్టుకున్నాక, నీళ్ళ మీద మళ్ళీ ఇదే పట్టుకోవడం. పిడి మీద వేళ్ళు పడ్డాయో లేదో, పడవ ఒక్క గెంతు గెంతింది. ముందు బల్ల మీద ఆయన వెల్లకిలా పడి, లేచి, కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఇదేంటండీ ఇంత లూజుగా ఉంది? చెయ్యి తగిల్తేనే పరిగెడుతోంది," అందావిడ ఆయనతో. "కొంచెం బిగించండి."

ఆయన అత్తగారివైపు చూశాడు. ఆవిడ నీటివైపు చూస్తోంది. ఆయన జేబులోంచి కళ్ళజోళ్ళ స్క్రూ డ్రైవర్ తీసి, అది చాలదని పెట్టేసి, పనిముట్ల పెట్టెలోంచి పెద్దది తీసి, హ్యాండిల్ కింది స్క్రూను పావు చుట్టు తిప్పాడు. భార్య పిడిని ఆడించి చూసి, ఇప్పుడు సరిపోయిందంది. అత్తగారు వచ్చి తన ఎడమచేత్తో ఆడించి చూసింది.

"కాస్త బిగువైంది," అంది.

ఆయన మళ్ళీ వంగాడు.